"వడ్డీ రేటుపై 2 శాతం అదనం" అంటే ఎంత? మీరైతే ఎలా చదువుతారు?

తణుకు కుర్రాడు:
మా బాబాయి ఇల్లు కట్టుకోవడానికి నిరుడు ఒక ప్రైవేటు బ్యాంకులో 15 లక్షలు లోన్ తీసుకున్నాడు. 9 శాతం వడ్డీ, పదేళ్లు, నెల వాయిదా సుమారు 19,000. ఈమధ్య ఒక వాయిదా నెల రోజులు ఆలస్యమైంది. 380 రూపాయలు అదనంగా వేశారు. అగ్రిమెంటు తెలుగు కాపీలో ఉన్న వాక్యం ఇదీ: "వాయిదా చెల్లింపులో జాప్యము జరిగినచో వర్తించు వడ్డీ రేటుపై 2 శాతం అదనముగా వసూలు చేయబడును." మూడుసార్లు చదివాను. ఇందులోంచి 380 ఎలా వచ్చిందో అంతుపట్టలేదు. డబ్బు పెద్దదేం కాదు, కానీ ఇంకా తొమ్మిదేళ్లు కట్టాలి కదా, అదీ టెన్షన్.

కౌంటర్ నంబర్ 3:
బ్యాంకులో 34 ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఇందులో గందరగోళం ఏమీ లేదు బాబూ. 9కి 2 కలిపితే 11, అంతే. 2025 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు రెపో రేటును (అది బ్యాంకులకు అప్పిచ్చే రేటు) 6.50 నుంచి 6.25కి తగ్గిస్తే అందరం పావు శాతం తగ్గింది అనే అనుకున్నాం. 6.50లో పావు శాతం ఎంతా అని ఎవరైనా లెక్క వేశారా? రేటు గురించి మాట్లాడేటప్పుడు ఎప్పుడూ కూడికే.

లెక్కల టీచరమ్మ:
ఎప్పుడూ కాదండీ. "రేటుపై 2 శాతం" అని మా పదో తరగతి పిల్లలకిస్తే 9లో 2 శాతం కట్టి 0.18 అంటారు, నేను మార్కులు వేయాల్సిందే. ఆదాయపు పన్ను చూడండి. 50 లక్షలు దాటి కోటి లోపు ఆదాయం ఉన్నవాళ్లకు పన్నుపై 10 శాతం సర్‌చార్జి. అందుకని 30 శాతం శ్లాబు 40 అయిపోతుందా? 33 అవుతుంది. దాని మీద 4 శాతం సెస్సు వేస్తే 34.32, మీ కూడిక ప్రకారం వచ్చే 44 కాదు. అక్కడ గుణకారం, మీ దగ్గర కూడిక. రెండూ అధికారిక కాగితాలే, రెండింట్లోనూ ఉన్నది "పై" అనే మాటే!

కౌంటర్ నంబర్ 3:
పన్ను రూపాయల్లో తేలాక దాని మీద సర్‌చార్జి వేస్తారమ్మా. ఇక్కడున్నది రేటు. తేడా ఉంది.

లెక్కల టీచరమ్మ:
ఆ తేడా మీకు తెలుసండీ. సంతకం పెట్టిన బాబాయిగారికి ఎవరు చెప్పారు?

గోదారి గట్టు:
అయ్యా, అమ్మా, మీరిద్దరూ పదో తరగతి దాటి రండి ఒకసారి. మా ఊళ్లో రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు. ఏడాదికి 24. శాతం అనే మాటే ఎవరూ వాడరు, నెలకు అని విడిగా చెప్పరు కూడా, అందరికీ తెలిసిందే. ఇప్పుడు 19,000కి నూటికి రెండు వేసి చూడండి.

తణుకు కుర్రాడు:
380! అంటే బ్యాంకువాళ్లు ఊరి లెక్క వేశారా?

లెక్కల టీచరమ్మ:
గట్టుగారికి దండం. నేను ఆ దారిలో ఆలోచించనే లేదు. సరే, ఇప్పుడు అన్నీ వేసి చూశాను. కట్టని వాయిదా 19,000 మీదే అనుకుంటే: నా లెక్కన (0.18) నెలకు మూడు రూపాయలు, కౌంటర్ గారి లెక్కన (ఏడాదికి 2) 32 రూపాయలు, గట్టుగారి లెక్కన 380. అదే మొత్తం అప్పు మీద అనుకోండి. ఏడాది తర్వాత బాకీ 14 లక్షలు ఉంటుంది. అప్పుడు నా లెక్కన 210, కౌంటర్ గారి లెక్కన 2,333, గట్టుగారి లెక్కన 28,000. ఆ వాక్యం వీటిలో దేన్నీ గట్టిగా కాదనదు. కూడికా గుణకారమా అని మనం కొట్టుకుంటున్నాం గానీ, అది ఇందులో చిన్న తగాదా. దేని మీద, ఎంత కాలానికి అన్న రెండు మాటలు ఎగిరిపోయాయి, అసలు దెబ్బ అక్కడ.

కౌంటర్ నంబర్ 3:
మొత్తం అప్పు మీద ఎవరూ వేయరమ్మా. అది అన్యాయం.

లెక్కల టీచరమ్మ:
వేయరు అని మీరంటున్నారు. కాగితం అనడం లేదు.

పీఆర్సీ పంతులు:
మా ప్రభుత్వ ఉద్యోగులకు ఇది పాత గాయం. తెలంగాణలో 2021లో వేతన సవరణ చేసి 30 శాతం ఫిట్‌మెంట్, అంటే పెంపు, అన్నారు. జీతం 30 శాతం పెరిగిందని ఊరంతా అనుకుంది. ఆ 30 మూల వేతనం మీద. లెక్క 2018 జూలై 1 నుంచి వేశారు, అప్పటికి 30.392 శాతం డీఏ (కరువు భత్యం) ఉంది, దాన్ని మూల వేతనంలో కలిపేశారు. అంటే మూల వేతనం 100 అనుకుంటే, 130.392 అందుకునేవాడికి 160.392 అయింది. కట్టి చూడండి, పెరిగింది 23 శాతం. మా బావమరిది ఇప్పటికీ 30 అనుకునే అప్పు అడుగుతుంటాడు. అయినా ఒకటి ఒప్పుకోవాలి, డీఏ జీవోలు చక్కగా ఉంటాయి. "మూల వేతనంలో 22.75 శాతం నుంచి 26.39 శాతానికి" అని ఎంత నుంచి ఎంతకో, దేనిలోనో రాస్తారు. అది నోటి మాటకొచ్చేసరికి "3.64 శాతం పెంపు" అయిపోతుంది. ఆ బ్యాంకువాళ్లు కూడా "9 నుంచి 11కి" అని రాసి ఉంటే ఇంత చర్చ ఉండేదా?

నల్లకోటు:
ఒక్క మాట. "వడ్డీ రేటుపై" అనే ఆ వాక్యమే ఇప్పుడు ఉండకూడదు. 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం ఆలస్యానికి వేసేది జరిమానా చార్జీగానే ఉండాలి, వడ్డీ రేటులో కలపకూడదు, దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. పాత లోన్లను కూడా 2024 జూన్ 30 లోపు ఈ పద్ధతికి మార్చమన్నారు. ఎవరో పాత నమూనానే జిరాక్సు తీసి వాడుతున్నట్టున్నారు. ఇక అర్థం రెండు రకాలుగా వచ్చే షరతును రాసినవాడికి వ్యతిరేకంగా చదవాలన్నది పాత సూత్రం. 1966లోనే ఒక బీమా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

గోదారి గట్టు:
అయితే నెలకు రెండు రూపాయలు చార్జీ అని పేరు మార్చి వేస్తే సరిపోతుందా లాయరుగారూ?

నల్లకోటు:
ఇంతకు మించకూడదు అని అంకె పెట్టలేదండీ. సహేతుకంగా ఉండాలి అని మాత్రమే ఉంది. అందుకే కాగితంలో ఏం రాశారన్నది ముఖ్యం.

తణుకు కుర్రాడు:
ఇవాళ బ్రాంచికి వెళ్లొచ్చాను. ఇంగ్లిషు కాపీలో "కట్టని వాయిదాపై నెలకు 2 శాతం" అని స్పష్టంగా ఉంది. తెలుగు చేసినవాళ్లు నెలను మింగేసి, వాయిదా ఉండాల్సిన చోట వడ్డీ రేటు పెట్టారు. చివరి పేజీలో మాత్రం "రెండు ప్రతుల మధ్య భేదమున్నచో ఆంగ్ల ప్రతియే చెల్లును" అని ఉంది. ఆ ఒక్క వాక్యం భలే శుభ్రంగా అనువదించారు.

నల్లకోటు:
నిరుడు తీసుకున్నారంటే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, అంటే లోన్ ముఖ్య వివరాల కాగితం, ఇచ్చి ఉండాలి. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త రిటైల్ లోన్లన్నిటికీ అది తప్పనిసరి. తీసుకున్నవాళ్లకు అర్థమయ్యే భాషలో రాసి, వివరించాలి. అందులో లేని చార్జీని వాళ్లు ఒప్పుకోకుండా వేయకూడదు. అది చూడండి.

తణుకు కుర్రాడు:
చూశానండీ. జరిమానా చార్జీలు అన్న గడిలో "2%" అని ఉంది. ఇంకేం లేదు.

కౌంటర్ నంబర్ 3:
ఇది మాత్రం ఒప్పుకోను. గడి ఇచ్చిందే వివరం రాయడానికి. బాబూ, బ్రాంచికి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకో. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. 380 వెనక్కి ఇమ్మని అడగడంతో ఆపకు, ఆ గడి నింపి కొత్త కాగితం ఇమ్మని కూడా అడుగు.

తణుకు కుర్రాడు:
సరేనండీ, రేపే ఇస్తాను. 380 కట్టిన రసీదు కూడా జత చేద్దామని తీశాను. అందులో "ఇతరములు" అని రాశారు.