అప్‌డేట్: చెదలు తిన్న టేకు దర్వాజ సంగతి

దేవరకొండ దగ్గర మా ఇంటి దర్వాజ (తలుపు బిగించే చట్రం) టేకుదే అయినా మూడేళ్లకే చెదలు ఎలా పట్టాయని పోయిన వానాకాలం అడిగాను కదా. మొన్న వడ్లాయనను పిలిచి ఊడదీయించాం.

కట్టె టేకే, అందులో మోసం లేదు. కాకపోతే అంచుల్లో రెండు వేళ్ల మందాన తెల్లచెక్క (బెరడు కింద ఉండే లేత కట్టె) వదిలేశారు. పైన రంగు పాలిష్ కొట్టేసరికి మాకు తెలియలేదు. చెదలు ఆ తెల్లచెక్కనంతా గుల్ల చేసి, గోధుమరంగు చేవ (లోపలి గట్టి కట్టె) దగ్గర ఆగిపోయాయి. గీత గీసినట్టుంది! టేకులో చెదలను ఆపే టెక్టోక్వినోన్ లాంటి పదార్థాలు చేరేది చేవలోనేనట. తెల్లచెక్కయితే టేకైనా మామిడైనా వాటికి ఒకటే.

వేప పెట్టమన్నవాళ్లకు థాంక్స్, కానీ బాగా ఎండిన కట్టె దొరకలేదు. కూల్చిన పాత ఇంటి టేకు దూలాలు కొని, చేవ వరకు చెక్కించి వాడాం. చెదలు మట్టిలోంచే ఎక్కుతాయి, తడి కూడా కిందే. అందుకే కింది కడపకు (గడపకు) మాత్రం గ్రానైట్ వేయించాం. బండకు పసుపు రాసేదెట్లా అని అమ్మ రెండు రోజులు అలిగింది. ఇప్పుడు రాస్తోంది.

పాత తలుపు రెక్కలే మళ్లీ బిగించాం, వాటికేం కాలేదు.