నా రాతల మధ్యలో వచ్చే ప్రకటనని రైతులు నా సలహా అనుకుంటున్నారు. ఏం చేయాలి?

అడిగినవారు: కొబ్బరితోట, అంబాజీపేట

అందరికీ నమస్కారమండి. మాది కోనసీమ, అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మూడెకరాల కొబ్బరి, మధ్యలో కోకో. మా నాన్నగారు ఏ దింపుకి ఎన్ని కాయలు దిగాయి, ఏ చెట్టుకి ఏ రోగం వచ్చింది, ఏం చేస్తే తగ్గింది అన్నీ డైరీల్లో రాసుకునేవారు. ఆయన పోయాక ఆ డైరీలు ముందు పెట్టుకుని, నా అనుభవం కలిపి, గూగుల్ వాళ్ళ బ్లాగు సైటు బ్లాగర్‌లో తెలుగులో రాస్తున్నాను. చదివేది చాలావరకు మా చుట్టుపక్కల రైతులే. వాట్సాప్ గ్రూపులో లింకు పెడితే కాలవ గట్టు మీద కూర్చుని ఫోన్లో చదువుకుంటారు.

పోయినేడాది మా మేనల్లుడు చెబితే, మన పేజీల్లో ప్రకటనలు చూపించి డబ్బిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ పెట్టాను. ప్రకటనలు ఎక్కడ రావాలో దానికే వదిలేసే ఆటో యాడ్స్ ఆన్ చేసింది నేనే. లోపల ఏమేం ఉన్నాయో చూడకుండా చేశాను.

ఇప్పుడు అసలు సంగతి. కొబ్బరికి వచ్చే సర్పిలాకార తెల్లదోమ గురించి ఒక పెద్ద వ్యాసం రాశాను. 2016లో పొల్లాచ్చి వైపు మొదట కనిపించి మన జిల్లాల దాకా పాకింది కదండీ, అదే. మట్టల అడుగున తెల్లగా దూదిలా పేరుకుంటుంది, అది కార్చే జిగురు మీద నల్లటి మసి పడుతుంది. దాని మీద ఇష్టమొచ్చినట్టు రసాయన మందులు కొట్టకూడదు. ఆ దోమ పిల్లల్లో గుడ్లు పెట్టి వాటిని చంపే ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ ఉంది, మందు కొడితే ముందు పోయేది అదే. నీళ్ళు గట్టిగా మట్టల అడుగుకి కొట్టాలి, ఆ దోమకి రోగం తెప్పించే ఐసేరియా శిలీంధ్రం పిచికారీ చేయాలి అని రాశాను.

‘రసాయన మందు కొట్టకండి’ అన్న నా వాక్యం కిందే ఒక పురుగుమందు ప్రకటన వచ్చింది. తెలుగులోనే ఉంది, పచ్చటి కొబ్బరిచెట్టు బొమ్మతో సహా. మా పక్క తోట ఆయన, నాకు వరసకి బాబాయి, అది నేను చెప్పిన మందే అనుకున్నాడు. కొని కొట్టించాడు. నెల తిరక్కుండా తెల్లదూది ముందుకంటే ఎక్కువ పేరుకుంది. ‘నువ్వు రాసిందే కదరా కొట్టాను’ అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డబ్బు పోయినందుకు కూడా కాదండి, నాన్నగారి డైరీలోంచి తీసిన మాట పక్కన ఎవరిదో మాట వచ్చి కూర్చుంటే, చదివేవాడికి రెండూ ఒకటే గొంతులా వినిపించాయి.

అప్పు యాప్‌లవి, పందేలవి కూడా వస్తున్నాయని ఇంకొకరు చెప్పారు. ప్రకటనలు పూర్తిగా తీసేయమంటే తీసేస్తాను. కానీ డొమైన్ ఖర్చు, చెట్టెక్కి ఫోటోలు తీసే కుర్రాడికి ఇచ్చేది దాని మీదే వస్తుందని ఆశ.

మరో రెండు విషయాలు. చదివేవాళ్ళ వివరాలు ఏం చేస్తామో చెప్పే ప్రైవసీ పాలసీ ఇంగ్లీషులో ఒక చోట తయారుచేసుకుని అతికించాను, అందులో ఏముందో నా రైతుల్లో ఒక్కరికీ అర్థం కాదు. చెట్టు జబ్బు ఫోటో, ఊరు, ఫోన్ నంబరు పంపమని ఒక గూగుల్ ఫారం కూడా పెట్టాను. ఇక పేజీ తెరుచుకునేటప్పుడు అక్షరాలు కిందికి గెంతుతున్నాయి, వేలు పెట్టేలోపు అక్కడ ప్రకటన వచ్చేస్తోంది. పెద్దవాళ్ళకి ఇది మరీ ఇబ్బంది.

జవాబు: అరటిగెల, రావులపాలెం

ముందు ఆటో యాడ్స్ ఆపేయండి. మీ బాధలో ముప్పాతిక వంతు అక్కడే ఉంది. అది ఆన్‌లో ఉన్నంతకాలం ఏ పేరా కింద ప్రకటన రావాలో మీరు కాదు, అదే నిర్ణయిస్తుంది. పేజీ మారేటప్పుడు తెర మొత్తం కప్పేది, అడుగున అంటుకుని ఉండేది కూడా దాంట్లోవే.

తర్వాత ఒకే ఒక్క ప్రకటన యూనిట్ తయారుచేసుకుని, బ్లాగర్ లేఅవుట్‌లో పోస్టుల కింద హెచ్‌టీఎంఎల్ గాడ్జెట్‌గా (కోడ్ అతికించే పెట్టె) పెట్టండి. వ్యాసం మొత్తం అయిపోయాక వస్తుంది. మీ మాట మధ్యలో మాత్రం దేన్నీ రానీయకండి. ఆదాయం తగ్గుతుంది, అది నిజం.

యాడ్‌సెన్స్‌లో బ్రాండ్ సేఫ్టీ అని ఒక విభాగం ఉంది. దాని బ్లాకింగ్ కంట్రోల్స్‌లో సున్నితమైన వర్గాలు కనిపిస్తాయి. అప్పులు, త్వరగా ధనవంతులవడం, జ్యోతిషం, డేటింగ్ లాంటివన్నీ అక్కడ ఆపుకోవచ్చు. పందేల సంగతి వేరు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్నీ, వాటి ప్రకటనల్నీ 2025లో వచ్చిన కేంద్ర చట్టమే నిషేధించింది. మీ పేజీలో కనిపిస్తే వదిలేయకుండా ఆపి, ఫిర్యాదు చేయండి.

పురుగుమందు ప్రకటనకి మాత్రం ఆ ప్రకటనదారు వెబ్ చిరునామాని విడిగా బ్లాక్ చేయాలి. అది తెలుసుకోవడానికి మీ ప్రకటనని మీరు నొక్కకండి, అది నిబంధనలకి విరుద్ధం. అక్కడే యాడ్ రివ్యూ సెంటర్ ఉంటుంది, మీ పేజీల్లో కనిపించిన ప్రకటనలు బొమ్మలతో సహా వరసగా చూపిస్తుంది. వారానికోసారి కాఫీ తాగుతూ చూసినా చాలు.

తెల్లదోమ వ్యాసంలో అసలేదీ వద్దనుకుంటే, ఆటో యాడ్స్‌లో ఉండే పేజీ మినహాయింపు చేత్తో పెట్టిన గాడ్జెట్‌కి పనిచేయదు. థీమ్ కోడ్‌లో ఆ గాడ్జెట్ చుట్టూ ‘ఈ చిరునామా అయితే చూపించొద్దు’ అని షరతు రాయాలి. ముందు థీమ్ బ్యాకప్ దింపుకోండి, తర్వాతే కోడ్ ముట్టుకోండి.

జవాబు: వంటిల్లు, అమలాపురం

అన్నయ్య గారూ, గెంతే సమస్య నాకూ వచ్చింది. ప్రకటన ఆలస్యంగా వచ్చి చోటు చేసుకోవడం వల్ల కింది అక్షరాలు జరుగుతాయి. ఆ ప్రకటన కోడ్‌ని ఒక పెట్టెలో పెట్టి, పెట్టెకి కనీస ఎత్తు 280 పిక్సెళ్ళు అని రాయండి. ప్రకటన వచ్చినా రాకపోయినా ఆ జాగా అలాగే ఉంటుంది, పేజీ కదలదు.

అక్షరాల సంగతి. మన లిపికి కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషుకి పెట్టిన వరసల ఎడం సరిపోదు. పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్‌ కోడ్‌లో లైన్ హైట్ 1.8, అక్షరం 19 పిక్సెళ్ళు పెట్టి చూడండి. ఫాంటు గూగుల్ ఫాంట్స్‌లో మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ తీసుకోండి. రామభద్ర లాంటి లావు అక్షరాలు శీర్షికలకి బాగుంటాయి, వ్యాసమంతా పెడితే కళ్ళు లాగుతాయి. నేను పూతరేకుల తయారీ రాసినప్పుడు మా అత్తగారి చేత చదివించి చూశాను. ఆవిడ ఫోను దూరం పెట్టి చదవగలిగిన సైజునే ఉంచేశాను.

ఇంకొకటి, అభిమానంతో ఎవరైనా ప్రకటనలు నొక్కుతున్నారేమో కనుక్కోండి. మా ఆడపడుచు నాకు నాలుగు డబ్బులు వస్తాయని రోజూ నొక్కేది. అవి చెల్లని క్లిక్కులని ఆ మొత్తం లెక్కలోంచి పోయింది. మీ గ్రూపులో ముందే చెప్పేయండి.

కొబ్బరితోట, అంబాజీపేట

చాలా సంతోషం అమ్మా. ప్రకటన పైన ‘ఇది నా సలహా కాదు, దీన్ని నమ్మి కొనకండి’ అని పెద్దక్షరాల్లో రాద్దామనుకుంటున్నాను. రాయొచ్చా?

జవాబు: వంటిల్లు, అమలాపురం

ప్రకటనకి ఆనించి అలా రాయకూడదండి. పైన శీర్షికగా ‘ప్రకటన’ అనో ‘స్పాన్సర్డ్ లింకులు’ అనో మాత్రమే ఉండాలి. మీరు చెప్పదలచుకున్నది వ్యాసం మొదట్లోనే మీ మాటగా చెప్పండి. ‘నేను ఏ మందు కంపెనీ పేరూ చెప్పను, ఈ వ్యాసం చివర గీత కింద కనిపించేవి ప్రకటనలు’ అని రెండు వాక్యాలు. ఆ గీత నిజంగా గీయండి, ప్రకటన పెట్టెకి లేత బూడిద రంగు వేయండి. రంగు తేడా ఉంటే చదవకముందే కన్ను పట్టేస్తుంది.

జవాబు: లెక్కల మాస్టారు, నరసాపురం

అందరూ ప్రకటనల గురించే చెప్పారు. నాకు మీ ఫారం గురించే భయంగా ఉంది. ఫోన్ నంబరు, ఊరు, తోట ఫోటో, ఇవన్నీ ఒకరి వ్యక్తిగత వివరాలు. ముందు ఆ ఫారం జవాబులు చేరే షీటు తెరిచి, షేరింగ్‌లో ఏముందో చూడండి. ‘లింకు ఉన్న ఎవరైనా’ అని ఉంటే ఇప్పుడే మార్చండి.

ప్రైవసీ పాలసీని తెలుగులో మీరే రాయండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం నోటీసుని ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకునే వీలు మనిషికి ఉండాలి. తెలుగు అందులో ఉంది. ఏ వివరాలు అడుగుతున్నారు, ఎందుకు, ఎవరు చూస్తారు, ఎన్నాళ్ళు ఉంచుతారు, తీసేయమంటే ఎవరికి చెప్పాలి, ఇవి మీరు రైతుతో మాట్లాడినట్టే రాయండి. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం ఇచ్చినంత తేలిగ్గా ఉండాలని కూడా ఆ చట్టంలో ఉంది. ఫారంలో నంబరు ఇస్తే, తీసేయమనడానికి ఒక వాట్సాప్ మెసేజ్ సరిపోవాలి.

ప్రకటనల పేరా తప్పనిసరి. గూగుల్‌తో సహా బయటి సంస్థలు కుకీలు (చదువరి ఫోన్లో దాచే చిన్న గుర్తు ఫైళ్ళు) వాడి, చదువరి ఇదివరకు చూసిన సైట్లని బట్టి ప్రకటనలు చూపిస్తాయని, అలా వద్దనుకుంటే గూగుల్ యాడ్ సెట్టింగ్స్‌లో ఆపుకోవచ్చని రాయాలి. కుకీ అంటే ఏమిటో ఒక వాక్యంలో చెప్పండి. మీ ఊరివాళ్ళు లండన్‌లో ఉండి చదువుతుంటే మరో పని ఉంది. యూరప్, బ్రిటన్ చదువరులకి 2024 జనవరి 16 నుంచి గూగుల్ ఆమోదించిన అనుమతి పెట్టె చూపించాలి. యాడ్‌సెన్స్‌లోని ప్రైవసీ అండ్ మెసేజింగ్‌లో అది ఉచితంగానే దొరుకుతుంది.

ఇదంతా ఒక పేజీగా పెట్టి, లింకు ప్రతి పేజీ అడుగునా, ఫారం మొదట్లోనూ ఇవ్వండి.

కొబ్బరితోట, అంబాజీపేట

పది రోజుల తర్వాత రాస్తున్నాను. మాస్టారూ, మీరు అనుమానించినట్టే ఆ షీటు లింకు ఉన్న ఎవరికైనా తెరుచుకునేలా ఉంది. మూసేశాను. పని అయిపోయినవాళ్ళ నంబర్లు తీసేస్తున్నాను. ఫారంలో ఊరు, ఫోటో ఉంచి, నంబరు ఇష్టమైతేనే ఇవ్వమని మార్చాను.

పాలసీ నేనే రాశాను, ఒకటిన్నర పేజీ వచ్చింది. ‘మీ నంబరు నేను, నా మేనల్లుడు తప్ప ఎవరూ చూడరు. చెట్టు సంగతి తేలాక మూడు నెలల్లో తీసేస్తాను’ అని రాసేటప్పుడు చెయ్యి ఆగింది. రాస్తే చేయాలి కదా. ఫోన్లో మూడు నెలలకోసారి గుర్తుచేసేలా పెట్టుకున్నాను.

ఆటో యాడ్స్ ఆపేశాను. చివర ఒక్క బూడిదరంగు పెట్టె ఉంచాను. తెల్లదోమ వ్యాసంలో అదీ లేదు. ఆదాయం బాగా పడిపోయింది. 100 డాలర్లు నిండితే గానీ డబ్బు రాదు కాబట్టి ఈ ఏడాది ఇక చూడక్కర్లేదు.

నిన్న బాబాయి ఫోన్లోనే కోకో వ్యాసం తెరిపించి కిందిదాకా చదివించాను. చివర ఏదో చీరల ప్రకటన వచ్చింది. ‘ఇది నేను పెట్టింది కాదు బాబాయ్’ అనబోయాను. ‘పైన ప్రకటన అని రాసుందిగా’ అని ఫోను నా చేతికిచ్చి, తోటలోకి రమ్మన్నాడు. తెల్లదోమ పట్టిన మట్టలకి మోటారు పెట్టి నీళ్ళు కొడుతున్నాం. ఐసేరియా కోసం రేపు అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానానికి ఇద్దరం వెళ్తున్నాం.