అంతర్వేది నుంచి కరవాక దాకా ఇసుక మీద సైకిల్: ఒక్కరోజులో అవుతుందా?

పాలకొల్లు సైకిలు:
నాకు నలభై మూడేళ్ళు. రోజూ పొద్దున్నే భీమవరం రోడ్డు మీద పాతిక, ముప్పై కిలోమీటర్లు తొక్కుతాను. పుష్యమాసంలో ఒక ఆదివారం మాధవాయిపాలెం రేవులో పంటు (గోదారి దాటించే పడవ) ఎక్కి సఖినేటిపల్లిలో దిగాలనుకుంటున్నాను. అంతర్వేది నుంచి తీరం వెంటే చింతలమోరి, తూర్పుపాలెం మీదుగా కరవాక వెళ్ళి, దిండి – చించినాడ వంతెన మీంచి ఇంటికి రావాలని ప్లాను. మ్యాపులో తీరం గీత గీసినట్టుంది. గేర్ల సైకిలు, టైర్లు రెండంగుళాల వెడల్పు. ఎవరైనా తొక్కారా? మా ఆవిడకి ఇప్పటినుంచే టెన్షన్.

రాజోలు మాస్టారు:
తొక్కానండి, పోయిన జనవరిలో. మ్యాపులో మీరు చూసిన గీత పాటులోనే, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడే ఉంటుంది. పోటెక్కితే సరుగుడు తోటల దాకా నీళ్ళే.

ముందు గాలి సంగతి. పుష్యంలో ఈశాన్యం గాలి. మీరనుకున్న దిక్కులో వెళ్తే రోజంతా ముఖాన కొడుతుంది. నేను తిరగేసి వెళ్ళాను. చీకటితో బయల్దేరి తాటిపాక మీదుగా కరవాక చేరి, అక్కడ ఇసుకలోకి దిగాను. టైర్లలో గాలి సగానికి తీసేశాను. అలలు అప్పుడే వెనక్కి వెళ్ళిన చోట ఇసుక నల్లగా, గట్టిగా ఉంటుంది. చక్రం అచ్చు అట్ట మందం కూడా పడదు. అక్కణ్ణుంచి రెండు బారలు పక్కకి జరిగామా, పొడి ఇసుకలో నాలుగు తొక్కులకే బండి నిలబడిపోతుంది. ఎర్ర పీతలు దూరానికి చీర ఆరేసినట్టు కనిపిస్తాయి, చక్రం చప్పుడు వినగానే చీర మొత్తం మాయం!

నేను దెబ్బ తిన్నది మొగ దగ్గర, అంటే పాయ సముద్రంలో కలిసే చోట. మ్యాపులో దారప్పోగులా ఉన్న పాయ అది. దారిలో రెండుసార్లు ఆగి ఫొటోలు తీసుకున్నాను (అది నా తప్పే), అక్కడికి వెళ్ళేసరికి పోటు మొదలైపోయింది. వల బాగుచేసుకుంటున్న ఒకాయన లేచి, తెడ్డు తీసుకెళ్ళి నీళ్ళలో నిలబెట్టి చూపించాడు. తడి నా ఛాతీ దాకా వచ్చింది. "బండిని మీరు మోస్తారు సరే, మిమ్మల్నెవరు మోస్తారు మాస్టారూ?" అన్నాడు. నోరు మూసుకుని వెనక్కి తిప్పాను. నాలుగు కిలోమీటర్లు పొడి ఇసుకలో తోసుకుంటూ వచ్చి ఊళ్ళ మీద రోడ్డు పట్టుకున్నాను. శంకరగుప్తం, కేశనపల్లి వైపు డ్రెయిన్లోకి ఉప్పునీరు ఎగదన్ని తలలు రాలిపోయిన కొబ్బరి చెట్లు కనిపిస్తాయి. మొండేలు నిలబడి ఉంటాయి, చూడలేం.

పాటు వేళ రోజుకి యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. ముందురోజు జాలర్లుండే ఏ పల్లిపాలెంలో అడిగినా కరెక్టుగా చెబుతారు. పాటు పూర్తిగా దిగడానికి రెండు గంటల ముందు ఇసుకలో దిగండి.

ఇంటికొచ్చి ఒళ్ళునొప్పులతో బండి కడక్కుండానే పడుకున్నాను. వారానికి వెనక చక్రం ఫ్రీవీలు బిగుసుకుపోయింది. మంచినీళ్ళతో కడిగి నూనె వేశాకే అన్నం తినండి.

దిండి పిల్ల:
మాస్టారు చెప్పిన దారి బాగానే ఉంది గానీ, అలా తిరగేస్తే చివర్లో పంటు దొరకాలి కదండీ. ఆఖరి పంటు ఎప్పుడో ముందే కనుక్కోండి. మాఘంలో అంతర్వేది కల్యాణానికి, భీష్మ ఏకాదశి రథోత్సవానికి మాత్రం అస్సలు వెళ్ళకండి. పంటు మీద మనిషికే చోటుండదు.

ఇంకోటి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిళ్ళు గట్టెక్కి గుడ్లు పెడతాయి. నీళ్ళ దగ్గర్నుంచి పైకి చిన్న ట్రాక్టరు వెళ్ళినట్టు జాడ కనిపిస్తే, దాని చివర మెత్తటి ఇసుక మీదకి చక్రం పోనివ్వకండి.

గోదారి గట్టు:
హోప్ ఐలాండ్‌లో తొక్కొచ్చా? అదీ పొడుగాటి ఇసుక దిబ్బే కదా.

రాజోలు మాస్టారు:
అది కోరింగ అభయారణ్యంలోదండి. పడవలో వెళ్ళాలి, అటవీశాఖ అనుమతి కావాలి. పదహారు కిలోమీటర్ల ఆ దిబ్బ కాకినాడకి అలల దెబ్బ తగలకుండా అడ్డుగా ఉంది. దాన్ని అలా వదిలేద్దాం.

పాలకొల్లు సైకిలు:
సరే, తిరగేసే వెళ్తాను. ఫొటోలు కూడా మానేస్తాను. మీరు రాసినవన్నీ మా ఆవిడకి చదివి వినిపించాను, తెడ్డు ముక్కతో సహా. పంటు దాటగానే ఫోన్ చెయ్యమంది. దాటకపోయినా చెయ్యమంది.