36 గంటల డ్యూటీ, ఇంట్లో చంటిపాప: సర్దుకోవాల్సింది ఎవరు?

గైనిక్_పీజీ:
నిన్న ఉదయం 8కి డ్యూటీ ఎక్కి ఈ రాత్రి 8కి దిగాను. ఇంటికొస్తే ఏడాదిన్నర పాప నన్ను చూసి మా అత్తయ్య కొంగు చాటుకు వెళ్లింది. ఆసుపత్రిలో పనిచేస్తూ పీజీ చదివే మాలాంటి డాక్టర్లకు 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ స్కీములో వారానికి 48 గంటలే, ఏకధాటిగా 12 దాటకూడదని ఉంది. ఎక్కడైనా అమలవుతోందా?

సీనియర్_సర్జన్:
అందులో ‘సాధారణంగా’ అనే మాట ఉందమ్మా, అది వదిలేశారు. పని ఒత్తిడిని బట్టి సూపరింటెండెంట్ వేళలు మార్చవచ్చనీ ఉంది. 12 గంటలకోసారి కేసు చేతులు మారితే రోగికి ఏం జరిగిందో ఎవరికీ పూర్తిగా తెలియదు. పేగు చిల్లుపడిన కేసును అడ్మిషన్ నుంచి డిశ్చార్జి దాకా ఒక్కరమే చూసేవాళ్లం. అలా చూస్తేనే చెయ్యి తిరిగింది.

పీహెచ్‌సీ_డాక్టర్:
ఆ ‘సాధారణంగా’ను పట్టుకునే మాతో మూడేళ్లు చాకిరీ చేయించారు సార్.

గైనిక్_పీజీ:
2023 పీజీ నిబంధనల్లో అసలు గంటల లెక్కే లేదు. పనివేళలు సమంజసంగా ఉండాలన్నారు, అంతే. మొన్న 28వ గంటలో మెగ్‌సల్ఫ్ (గర్భిణులకు ఫిట్స్ రాకుండా ఇచ్చే మందు) డోసు రెండుసార్లు లెక్కకట్టి, నమ్మకం కుదరక సిస్టర్‌ని చూడమన్నాను. అంకెలు కళ్లకు కనిపిస్తున్నాయి, బుర్రకెక్కడం లేదు.

రోగి_బంధువు:
రాత్రి 2కి మా నాన్నను చూసిన డాక్టరు నిలబడే కునికారు. భయమేసింది.

సీనియర్_సర్జన్:
హ్యాండోవర్, అదే కేసు చేతులు మారడం గురించి ఒక్కరూ జవాబు చెప్పరేం? నిద్ర మాకూ లేదు. ఇద్దరు పిల్లల్ని పెంచాను.

మత్తు_డాక్టర్:
పెంచింది మీరా, మేడంగారా?

సీనియర్_సర్జన్:
ఇంటి సంగతులు వద్దు. మా ఆవిడా డాక్టరే. పెద్దవాడు పుట్టాక తనే మానేసింది. ఎవరూ మానమనలేదు.

గైనిక్_పీజీ:
అనాల్సిన అవసరమే రాదు సార్. మా ఆయన ఆర్థో పీజీ, ఆయనకూ ఇవే గంటలు. పాపకు జ్వరమొస్తే ఫోన్ మాత్రం నాకే వస్తుంది. పోయిన నెల ఇంట్లో ‘నువ్వొక ఏడాది ఆపితే ఏం’ అన్నారు. ఆయన్ని ఎవరూ అడగలేదు. ఈ గంటలు ఇలాగే ఉంటే సీటు వదిలేది నేనే. నా బాధ నిద్ర ఒక్కటే కాదు.

సీనియర్_సర్జన్:
మా ఆవిడ స్టెత్ ఇంకా బీరువాలోనే ఉంది. ఎందుకు దాచావని నేనెప్పుడూ అడగలేదు. అయినా 12కి ఒప్పుకోను. సర్జరీకి 24 కావాలి. మర్నాడు సెలవు ఇవ్వాల్సిందే.

గైనిక్_పీజీ:
మర్నాడు రౌండ్స్‌కు పిలవబోమని రాసిస్తే 24కి నేను సరే. ఇక పడుకుంటాను, ఉదయం 8కి ఓపీ.