163 పేజీల చిన్న వెబ్‌సైటు, 311 చిరునామాల సైట్‌మ్యాప్: పొరపాటు ఎక్కడ జరిగింది?

ప్రశ్న (కడప నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. కడప జిల్లాలోని శాసనాలు, పాత గుడులు, ఊరి పేర్ల గురించి తెలుగులో ఒక చిన్న వెబ్‌సైటును ఆరేళ్ళుగా నడుపుతున్నాను. ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్ళ శాసనంతో మొదలుపెట్టి ఊరికొక పేజీ చొప్పున రాసుకుంటూ రాగా ఇప్పటికి 163 పేజీలయ్యాయి. వర్డ్‌ప్రెస్ వంటిదేదీ వాడకుండా, అన్నింటినీ హెచ్‌టీఎంఎల్‌లో చేత్తోనే రాశాను.

నా బాధ ఏమిటంటే, వీటిలో 60 పేజీలు కూడా గూగుల్ వెతుకులాటలో కనిపించడం లేదు. సైట్‌మ్యాప్ (సైటులోని పేజీల చిరునామాల జాబితా ఫైలు) లేకపోవడమే కారణమని ఒకరు చెప్పగా, ఉచితంగా తయారుచేసి ఇచ్చే ఒక సైటులో మా చిరునామా ఇచ్చి ఎక్స్‌ఎంఎల్ ఫైలు తెచ్చుకొని, సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే సాధనంలో సమర్పించాను. స్థితి 'సక్సెస్' అని చూపుతోంది. అయితే కనుగొన్న పేజీలు 311 అంటోంది. ఉన్నవే 163 అయినప్పుడు 311 ఎక్కడి నుంచి వచ్చాయి? నెల గడిచినా చాలా పేజీల ఎదుట 'డిస్కవర్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్' (కనుగొన్నాం, వెతుకులాట సూచికలో ఇంకా చేర్చలేదు) అనే ఉంది. ఫైలును ఇక్కడ జతచేస్తున్నాను. దీనిని సరిచేసే పద్ధతిని, ఇకముందు కొత్త పేజీ రాసినప్పుడల్లా చేయవలసిన పనిని దయచేసి వివరించగలరు.

సమాధానం 1 (కర్నూలు నుంచి)

అయ్యవారూ, నమస్కారం. చిన్న వ్యాపారులకు వెబ్‌సైట్లు తయారుచేయడం నా వృత్తి. మీ ఫైలును మొదటి నుంచి చివరి దాకా చదివాను. 'సక్సెస్' అంటే ఫైలును గూగుల్ చదవగలిగిందని మాత్రమే. అందులోని పేజీలన్నింటినీ సూచికలో చేర్చుకుంటుందన్న హామీ ఏ సైట్‌మ్యాప్‌తోనూ రాదు.

ఇక 311 లెక్క. మీ అసలు పేజీలు 163. ప్రింటు తీసుకోవడానికి వీలుగా మీరు విడిగా పెట్టిన ప్రతులు 120. మిగిలిన 28 రాజంపేట వైపు ఊళ్ళవి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఆ పేజీలను 'అన్నమయ్య' అనే కొత్త ఫోల్డరులోకి నకలు చేసినట్టున్నారు, కానీ పాత ఫోల్డరులోని ప్రతులు సర్వరులో అలాగే ఉండిపోయాయి. నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు ఇక్కడ ఒక గుడి వెబ్‌సైటుకు నేనూ సరిగ్గా ఈ తప్పే చేశాను కనుక చూడగానే గుర్తుపట్టాను. వీటికి తోడు మీ సైటు ఇప్పుడు హెచ్‌టీటీపీఎస్ అనే సురక్షిత రూపంలో నడుస్తుండగా, ఫైలులోని చిరునామాలన్నీ పాత హెచ్‌టీటీపీతో మొదలవుతున్నాయి. అంటే మీరిచ్చిన 311 చిరునామాలలో ఒక్కటి కూడా పాఠకుడు చివరికి చేరే అసలు చిరునామా కాదు.

సరిచేసే పద్ధతి ఇది. పాత ఫోల్డరులోని 28 చిరునామాల నుంచి కొత్తవాటికి 301 దారిమళ్ళింపు (పేజీ శాశ్వతంగా మారిందని తెలిపేది) పెట్టండి. మీ సర్వరు అపాచీ అయితే ఆ పని హెచ్‌టీయాక్సెస్ అనే అమరికల ఫైలులో చేయవచ్చు. ప్రింటు ప్రతులను తీసివేయనవసరం లేదు, ఒక్కొక్కదానిలో అసలు పేజీని సూచించే కెనానికల్ లింకు చేర్చితే చాలు. సైట్‌మ్యాప్‌లో మాత్రం 163 అసలు పేజీలే, హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యే పూర్తి చిరునామాలతో ఉండాలి. దారిమళ్ళే పేజీ, తొలగించిన పేజీ, నోఇండెక్స్ (సూచికలో చేర్చవద్దన్న గుర్తు) పెట్టిన పేజీ, వేరొక పేజీకి నకలైన పేజీ ఆ జాబితాలో ఉండకూడదు.

లాస్ట్‌మాడ్ (పేజీ చివరిగా మారిన తేదీ) గురించి కొంచెం విడిగా చెప్పాలి. మీ ఫైలులో 311 పేజీలకూ ఒకే తేదీ ఉంది; అది ఫైలు తయారైన రోజు. పేజీలోని ముఖ్య విషయం నిజంగా మారిన తేదీనే అక్కడ వేయాలి. ఆ తేదీలు నమ్మదగినవిగా ఉన్నాయని తేలితేనే గూగుల్ వాటిని లెక్కలోకి తీసుకుంటుంది. అచ్చుతప్పు దిద్దినందుకో, పేజీ అడుగున సంవత్సరం మార్చినందుకో తేదీ మార్చవద్దు. రాసే తీరులోనూ జాగ్రత్త అవసరం: మన అలవాటు ప్రకారం రోజు ముందు వేస్తే తప్పు చూపుతుంది, 2025-03-14 అన్నట్టు సంవత్సరం, నెల, రోజు వరుసలో ఉండాలి. ప్రయారిటీ (పేజీ ప్రాధాన్యం), చేంజ్‌ఫ్రీక్ (ఎంత తరచుగా మారుతుందో) అనే మిగతా రెండింటినీ గూగుల్ పట్టించుకోదు కనుక వాటిని పూర్తిగా తీసివేయండి.

మరొక మాట. మీ పేజీల పేర్లు తెలుగులో ఉండడం నాకు చాలా నచ్చింది, వాటిని మార్చవద్దు. సైట్‌మ్యాప్‌లో మాత్రం అవి శాతం గుర్తులతో కూడిన రూపంలోకి మారాలి. యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి, ఒక్కో బైటు ఆ రూపంలో మూడు అక్షరాలవుతుంది. 'కలమళ్ళ'లో పొల్లుతో కలిపి ఆరు సంకేతాలున్నాయి కనుక ఆ చిన్న పేరే 54 అక్షరాలవుతుంది. చూసి భయపడనవసరం లేదు. చిరునామా మొత్తం 2,048 అక్షరాల లోపు ఉంటే ఇబ్బంది లేదు. బ్రౌజరులో పేజీ తెరిచి, చిరునామాను నకలు తీసి నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే సాధారణంగా ఆ రూపంలోనే వస్తుంది.

సమాధానం 2 (అనంతపురం నుంచి)

అయ్యవారికి నమస్కారం. పై మిత్రులు చెప్పినదంతా సరైనదే, కానీ సమస్యకు మూలం సైట్‌మ్యాప్ అని నేను అనుకోవడం లేదు. 500 పేజీల లోపు ఉండి, ముంగిలి పేజీ నుంచి లింకుల ద్వారా అన్ని పేజీలకూ చేరుకోగలిగే సైటుకు సైట్‌మ్యాప్ అవసరం ఉండకపోవచ్చని గూగుల్ తన సూచనలలోనే చెబుతుంది. మీ సైటు తెరిచి చూశాను. ముంగిలి పేజీలో తాజా పది ఊళ్ళకు మాత్రమే లింకులున్నాయి. మిగతా ఊళ్ళకు వెళ్ళాలంటే ఒక్కో పేజీ అడుగున ఉన్న 'ముందు ఊరు' లింకును పట్టుకొని వరుసగా నడవాలి. నూరో ఊరు చేరేసరికి ఎంత ఓపిక గల పాఠకుడైనా ఆగిపోతాడు.

మండలాల వారీగా ఒక పట్టిక పేజీ తయారుచేసి, ముంగిలి నుంచి దానికి లింకు ఇవ్వండి. ఎర్రగుంట్ల మండలం కింద కలమళ్ళ, కమలాపురం మండలం కింద ఎర్రగుడిపాడు, ఈ విధంగా. రేనాటి చోళుల ప్రస్తావన వచ్చిన ప్రతి పేజీ నుంచి ఆ వంశపు తక్కిన శాసనాల పేజీలకు వాక్యంలోనే లింకు వేయండి. మా ప్రాంత రైతుల కోసం నేను నడిపే వేరుశనగ సాగు సైటులో ఈ ఒక్క మార్పుతోనే ఎక్కువ ప్రయోజనం కనిపించింది. సైట్‌మ్యాప్ కూడా పెట్టుకోవాలంటే ఎక్స్‌ఎంఎల్ కోసం శ్రమపడనవసరం లేదు. వరుసకొక చిరునామా చొప్పున రాసి, యూటీఎఫ్-8లో భద్రపరచిన మామూలు టెక్స్ట్ ఫైలును కూడా గూగుల్ స్వీకరిస్తుంది.

సమాధానం 3 (కర్నూలు నుంచి, మళ్ళీ)

పట్టిక పేజీ విషయంలో అనంతపురం మిత్రులతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను; దానిని నేను ముందే చెప్పి ఉండవలసింది. అయినా సైట్‌మ్యాప్‌ను వదులుకోవద్దనే నా సలహా. సెర్చ్ కన్సోల్‌లోని పేజీల నివేదికలో, సమర్పించిన సైట్‌మ్యాప్‌లోని పేజీలను మాత్రమే విడిగా చూసే వీలుంది. జాబితా శుభ్రంగా ఉంటే ఏ ఊరు లోపలికి వెళ్ళింది, ఏది బయట ఉంది అన్నది పేరు పేరునా తెలుస్తుంది. టెక్స్ట్ ఫైలులో లాస్ట్‌మాడ్ రాయడానికి చోటు లేదు కనుక పేజీలను తరచూ సవరించే అయ్యవారికి ఎక్స్‌ఎంఎల్ ఫైలే మేలు.

నిర్వహణకు ఎక్సెల్‌లో రెండు నిలువు వరుసలు చాలు: ఒకదానిలో చిరునామా, రెండోదానిలో మార్చిన తేదీ. పేజీ రాసిన రోజే అక్కడ ఒక వరుస చేర్చి, సైట్‌మ్యాప్‌లోనూ చేర్చండి. ఎక్స్‌ఎంఎల్ ప్రకటన (ఇది ఎక్స్‌ఎంఎల్ ఫైలని తెలిపే వరుస) ఫైలులో మొట్టమొదట ఉండాలి, దానికి ముందు ఖాళీ వరుస మిగిలినా ఫైలు చెల్లదు. వెతుకులాట యంత్రాలకు సూచనలిచ్చే రోబోట్స్ ఫైలులో సైట్‌మ్యాప్ పూర్తి చిరునామాతో ఒక వరుస రాయండి. మార్చిన ప్రతిసారీ గూగుల్‌కు 'పింగ్' (సైట్‌మ్యాప్ మారిందన్న కబురు) పంపాలని పాత వ్యాసాలలో చదివి ఉంటారు. ఆ సదుపాయాన్ని 2023లోనే ఆపివేశారు. ఫైలు పేరు, చోటు మారనంత వరకు మళ్ళీ సమర్పించే పని కూడా లేదు.

ప్రశ్న అడిగినవారి స్పందన (ఏడు వారాల తరువాత)

ఇద్దరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. దారిమళ్ళింపులకు ఒక సాయంత్రం, కెనానికల్ లింకులకు రెండు రోజులు, మండలాల పట్టికకు వారం పట్టాయి. పాత పేజీల తేదీలు గుర్తులేక, కంప్యూటరులోని ఫైళ్ళ తేదీలు చూసి వేశాను. తెలియని చోట లాస్ట్‌మాడ్ రాయకుండా వదిలేశాను. ఇప్పుడు జాబితాలో సరిగ్గా 164 చిరునామాలున్నాయి, పెరిగిన ఒకటి ఆ పట్టిక పేజీయే. వీటిలో 141 సూచికలోకి చేరాయి.

మిగిలిన 23 పేజీల పేర్లను ఆ నివేదికలో ఒక్కొక్కటిగా చూశాను. వాటిలో 17 పేజీలలో శాసనం ఫోటో, ఊరి పేరు తప్ప నేను ఒక్క వాక్యం కూడా రాయలేదు. శాసన పాఠాన్ని తరువాత ఎక్కిద్దామనుకొని ఏళ్ళ తరబడి వదిలేసినవి అవి. నా నోటు పుస్తకాలు బయటికి తీశాను. మొదటి రెండు శాసనాల పాఠాన్ని నిన్న రాత్రి ఎక్కించి, వాటి లాస్ట్‌మాడ్ మార్చాను.