ఈ వారం సమస్య: చేప వలను వేయఁ జిక్కె నరుఁడు

నిర్వాహకుడు:
నిన్న సాయంత్రం కొత్తగా తెరిచిన ఒక సీఫుడ్ రెస్టారెంటుకు వెళ్ళాం. హంగూ ఆర్భాటం లేని చోటు. బల్లల మీద గుడ్డకు బదులు కాగితం పరిచారు, గోడకు నిజం వల ఒకటి వేలాడదీశారు. నా కుర్చీ సరిగ్గా దాని కిందే పడింది. చేతులు కడుక్కోవడానికి లేవబోతే చొక్కా గుండీ వల కంతలో ఇరుక్కుంది. ఎంత లాగినా రాలేదు. సర్వర్ కుర్రాడు ట్రే పక్కన పెట్టి, నవ్వు ఆపుకుంటూ విడిపించాడు. ఎదురుగా బోర్డు మీద గీసిన చేప మాత్రం ఆపుకోలేదు, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. సమస్య అక్కడే పుట్టింది. ఇదే చివరి పాదంగా ఆటవెలది పద్యం పూరించండి. ఇక మీ ఇష్టం.

*చేప వలను వేయఁ జిక్కె నరుఁడు*

ముత్యాలపేరు:
గుండీ సంగతి తర్వాత, ముందు నా పూరణ:

కొత్త హోటలందు గుమగుమ యను తావి
ముక్కు పట్టి లాగె మొదటి దినమె
వలయె గాదె యదియ! పళ్ళెమునందున్న
చేప వలను వేయఁ జిక్కె నరుఁడు

యతిచూపు:
నడక బాగుంది. ముత్యాలపేరు గారి పద్యం ఎప్పుడూ నూనె రాసినట్టు జారిపోతుంది, అందుకే ఒక్కోసారి అర్థం కూడా జారిపోతుంది. తావి అంటే పూలకుండే పరిమళం. మల్లెకు తావి ఉంటుంది. చేపకుండేది నీచు. పళ్ళెంలో చేపకు తావి అంటగట్టడం ఏ కవి సమయమో సెలవివ్వండి.

ముత్యాలపేరు:
ఆ తావి చేపది కాదు, పైన పట్టించిన మసాలాది. పైగా పక్కన నిమ్మచెక్క పెట్టారు. నీచుకు కారణం ట్రైమిథైలమీన్ అనే క్షారం, నిమ్మరసంలోని ఆమ్లం దాన్ని ఎగరకుండా కట్టిపడేస్తుంది. మీ ముక్కుకు కూడా ఒక చెక్క పంపమంటారా?

యతిచూపు:
పద్యంలో లేని నిమ్మకాయను వ్యాఖ్యానంలో పిండుతున్నారు.

పాతచీటీ:
తావి, వల అనే ముడి నాకు నచ్చింది. నేను దాన్ని గొంతులోకి దింపాను. నాకు నిజంగానే ముల్లు గుచ్చుకుంది, ఇప్పుడు బాగానే ఉన్నాను.

వేడి ప్లేటు వచ్చెఁ బెదవులు తడియంగ
మాటలాపి తింటి మరచి ముల్లు
గొంతులోన ముళ్ళ గూడల్లి కూర్చున్న
చేప వలను వేయఁ జిక్కె నరుఁడు

నిర్వాహకుడు:
ఆహా! చేప ఒంట్లోని ముళ్ళే దాని వల. ఇంతవరకు వచ్చినవాటిలో నా ఓటు దీనికే.

యతిచూపు:
ఓటు వేసేముందు లెక్క చూసుకోవాలి. "వేడి ప్లేటు". ప్లే సంయుక్తాక్షరం, దాని ముందున్న డి గురువవుతుంది, అంటే బరువైన అక్షరం. మొదటి గణమే, మొదటి అక్షరాల గుంపే, రెండు గురువులైంది. ఎత్తుగడలోనే ముల్లు!

పాతచీటీ:
వేడి ఒక పదం, ప్లేటు ఇంకో పదం. ఇదేమీ సంస్కృత సమాసం కాదు, డిని ఊది పలకడానికి. మీరే ఒకసారి పైకి చదవండి, నాలుక ఎక్కడైనా ఆగుతోందా? తెలుగు మాట చివరి హ్రస్వం తర్వాతి మాట మొదట్లో ఉన్న జంటాక్షరానికి లొంగదు. అయినా ఈ మాట ఎవరంటున్నారు! కిందటి నెల సమస్యకు "చల్లనైన ఫ్రిజ్జు" అని రాసి, "చల్లనైన" చివరి "న"ను లఘువుగా, తేలిక అక్షరంగా, లెక్కవేసుకున్న మహానుభావులు.

నిర్వాహకుడు:
డి లఘువే. పాతచీటీ గారిదే గెలుపు. ఫ్రిజ్జు తలుపు మళ్ళీ తెరవొద్దు.

యతిచూపు:
ఫ్రిజ్జు మాటెత్తారు గనక, అదే నెలలో పాతచీటీ గారు పీతకు "ఎనిమిది కాళ్ళు" అని రాయలేదా? గణం కోసం రెండు కాళ్ళు నరికేశారు. పీతకు పది.

పాతచీటీ:
నడిచేవి ఎనిమిదే. ముందున్న రెండూ పట్టుకారులాంటివి, వాటిని కాళ్ళనడం మీ దయ.

నిర్వాహకుడు:
నిన్న నా ప్లేటులో లెక్కపెట్టాను. ఎనిమిది సన్నకాళ్ళు, రెండు లావు పట్టుకార్లు, మొత్తం పది. శాస్త్రం అన్నిటినీ కాళ్ళ ఖాతాలోనే వేస్తుంది, రొయ్యది కూడా అదే వర్గం. యతిచూపు గారికి అర మార్కు. ఇక చేప దగ్గరికి రండి.

ఆటవెలది అభిమాని:
మీరంతా చేప చేత వల వేయిస్తున్నారు. నేనొక విరుపు విరిచాను, అంతే:

ఎవరి వలకు వారె యిరువురు దొరికిరి
కడలి నొకటి, యొకఁడు కౌంటరందు!
బిల్లు చూచి వణఁకె, విలవిల లాడెరా
చేప వలను వేయఁ జిక్కె, నరుఁడు

వల వేస్తే చేప చిక్కింది. బిల్లు చూసి వణికింది నరుడు.

ముత్యాలపేరు:
"కడలి నొకటి, యొకఁడు కౌంటరందు". ఈ ఒక్క పాదానికి నా పద్యం మొత్తం రాసిచ్చేస్తాను. ఒకటి, ఒకడు అనడంలోనే చేపా మనిషీ విడిపోయారు. అభిమాని గారూ, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారండీ ఈ చేతిని?

యతిచూపు:
విరుపు గొప్పదే, ఒప్పుకుంటున్నాను. కానీ దూరాన్వయం. నరుడి కోసం క్రియ పై పాదంలో కూర్చుని ఎదురుచూస్తోంది, మధ్యలో చేప వచ్చి చిక్కి పోయింది. రెండో మాట, "లాడెరా" అన్నారు. ఆ "రా" ఎవర్ని పిలుస్తోంది? సర్వర్నా?

ఆటవెలది అభిమాని:
"లాడెను" అని పెట్టొచ్చు, గణం సరిపోతుంది. కానీ ద్రుతం, అంటే ఆ చివరి "ను", మీద చేప "జేప" అవుతుంది, నిర్వాహకుల పాదం మారిపోతుంది. సమస్యను చెడగొట్టడం కన్నా సర్వర్ని పిలవడం నయం కదా.

యతిచూపు:
…ఈ జవాబు బాగుంది.

పాతచీటీ:
ఈ రోజు తేదీ రాసిపెట్టుకోండి ఎవరైనా.

కొత్తకలం:
అందరికీ నమస్కారం. ఇది నా రెండో ప్రయత్నం. కొంచెం టెన్షన్‌గా ఉంది.

పీత నడుగ వారు పెంకుతో తెచ్చిరి
సుత్తి లేక నేను చూచుచుంటి
పక్క బల్లవాడు పళ్ళతో విరిచె
చేప వలను వేయఁ జిక్కె నరుఁడు

నిర్వాహకుడు:
"సుత్తి లేక నేను చూచుచుంటి"! నా నిన్నటి అవస్థ చూసి రాసినట్టుంది. పక్కవాళ్ళు టకటకా పెంకులు పగలగొడుతుంటే, ఆ ఇనప పట్టుకారు దేనికిచ్చారో తెలియక నేను దాంతో నిమ్మచెక్క పిండాను.

యతిచూపు:
కొత్తకలం గారూ, యతులన్నీ, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన జోడీ అక్షరాలన్నీ, పడ్డాయి, సు-చూ కూడా చక్కగా వేశారు. మూడో పాదం చివర మాత్రం "విరిచె" దగ్గర ఒక అక్షరం తగ్గింది. అక్కడ ఇంద్రగణం కావాలి.

ముత్యాలపేరు:
అభిమాని గారి దగ్గర ఒక "రా" అదనంగా ఉందిగా, అప్పడగండి. "విరిచెరా". సరిపోయింది!

ఆటవెలది అభిమాని:
తీసుకో తమ్ముడూ, తిరిగి ఇవ్వక్కర్లేదు.

యతిచూపు:
గణం కుదిరింది సరే. పీత అడిగారు, పీత వచ్చింది, పీతనే విరిచారు. నాలుగో పాదంలో చేప ఎక్కణ్ణుంచి వచ్చింది?

కొత్తకలం:
పక్క బల్లవాడి చొక్కా మీద చేప బొమ్మ ఉందండీ. పద్యంలో పట్టలేదు.