వేళ్లు కొంకర్లు పోతున్నాయి, తోలు గ్లవ్స్ కొనాలా?

కొత్తబండి: డిసెంబర్‌లో తెల్లవారుజామున నర్సీపట్నం నుంచి లంబసింగి వెళ్లాం. 30 కిలోమీటర్లే కానీ ఘాట్ ఎక్కేసరికి క్లచ్ పట్టలేకపోయాను. చేతులకు ఉన్ని గ్లవ్స్ ఉన్నాయి. సంక్రాంతికి మళ్లీ వెళ్తున్నాం. ఏవి కొనాలి? బడ్జెట్ రెండు వేలు.

ఘాట్‌రోడ్డు: ఉన్ని గాలిని ఆపదు తమ్ముడూ. 5 డిగ్రీల చలిలో 60 స్పీడులో పోతే ఒంటికి మైనస్ 2లో ఉన్నట్టు ఉంటుంది. లోపల లైనింగ్ ఉన్న తోలువి తీసుకో. బిగుతుగా ఉంటే రక్తం ఆడదు, అప్పుడు ఎంత మందం ఉన్నా దండగ. గ్లవ్స్ మణికట్టు దాటి జాకెట్ చేతి మీదికి రావాలి.

పాలక్యాన్_ఆదిలాబాద్: రెండు వేలు ఎందుకు తమ్మీ? ఉన్నివాటి మీద అంట్లు తోమే రబ్బరు గ్లవ్స్, పెద్ద సైజువి తొడుగు. గాలి దూరదు. పన్నెండేళ్లుగా నాకవే.

ఘాట్‌రోడ్డు: రబ్బరా? లోపల చెమట పట్టి గంటలో తడిసిపోతాయి. తడి చేతికి చలి ఇంకా ఎక్కువ. పైగా పడితే?

పాలక్యాన్_ఆదిలాబాద్: మా బామ్మర్ది తోలువి తెచ్చిచ్చాడు. వాటర్‌ప్రూఫ్ అని అమ్మారట. పొగమంచుకే నానిపోయాయి, రెండ్రోజులైనా ఆరలేదు. షాపుకెళ్లి అడిగితే "వాన వేరు, మంచు వేరు" అన్నాడు.

ఘాట్‌రోడ్డు: అది షాపువాడి మోసం. తోలు తప్పేంటి?

పాలక్యాన్_ఆదిలాబాద్: డబ్బు పోయింది నాది కదా!

స్కూటీ_సుజాత: ముందు ఛాతీ కప్పుకోండి. ఒళ్లు చల్లబడితే రక్తం చేతుల నుంచి లోపలికి మళ్లుతుంది. జాకెట్ లోపల న్యూస్‌పేపర్ పెట్టుకున్నా తేడా తెలుస్తుంది.

రాయల్_రాజు: హ్యాండిల్‌కి గార్డులు పెట్టిస్తే సగం గాలి ఆగుతుంది.

టీ_బ్రేక్: దారిలో ఆగి టీ గ్లాసు పట్టుకో. అవే గ్లవ్స్.

పాలక్యాన్_ఆదిలాబాద్: పడితే పడితే అని భయపెట్టకు అన్నా. మేం పాలకి పోతాం, రేసుకి కాదు.

ఘాట్‌రోడ్డు: నేనూ రేసులో పడలేదు. 2019లో, 30 స్పీడులో, ఊరి మలుపులో ఇసుక మీద పడ్డా. పడేటప్పుడు ముందు ఆనేది చెయ్యే. అరచేతి తోలు లేచిపోయింది. నెలన్నర మా ఆవిడ అన్నం తినిపించింది. ఆ రోజు నా చేతులకున్నవి మీరు చెప్పే ఉన్నివే. నవ్వుకోండి.

పాలక్యాన్_ఆదిలాబాద్: ఎవరూ నవ్వట్లేదు. ముందే చెప్పొచ్చు కదా. నా సంగతి కూడా విను. నలభై ఇళ్లకు పాలు పోస్తా. ఇంటింటికీ గ్లవ్స్ తీయాలి, కొలత పట్టాలి, చిల్లర లెక్కపెట్టాలి. నీ తోలువి తీస్తే వేలితోపాటు లోపలి లైనింగ్ ఊడొస్తుంది, మళ్లీ వేలు దూర్చేసరికి తెల్లారుతుంది. నాకు గంట చెమట అనే మాటే లేదు, పది నిమిషాలకోసారి తీసేవాణ్ని.

ఘాట్‌రోడ్డు: అయితే మీకు రబ్బరే సరి. కానీ ఈ పిల్లాడు పాలు పోయడానికి వెళ్లట్లేదుగా.

పాలక్యాన్_ఆదిలాబాద్: చలి ఇద్దరికీ ఒకటే.

ఘాట్‌రోడ్డు: పడటం కూడా.

కొత్తబండి: తోలువి కొంటాను, రబ్బరువి బ్యాగులో పెట్టుకుంటాను. ఇంకో మాట. ఈసారి మా బావ నడుపుతాడట, నేను వెనక కూర్చుంటాను. అప్పుడు గ్లవ్స్ అవసరమా?

ఘాట్‌రోడ్డు: అవసరమే. మీ బావకి కూడా కొను.